జీతం తీసుకోని పనిని రెజ్యూమేలో ఎక్కడ, ఎలా రాయాలి?

మీరు అడిగినదాని సారాంశం ఇది. 2023లో బీటెక్ సీఎస్ఈ పూర్తి చేశారు. ఉద్యోగం రాలేదు గానీ ఖాళీగా కూర్చోలేదు. గుంటూరు మిర్చి యార్డులో మీ మేనమామ నడిపే కమీషన్ కొట్టుకు లెక్కల సాఫ్ట్‌వేర్ రాసి పెట్టారు. అది రెండు సీజన్లుగా వాడకంలో ఉంది. ఒక చిన్న స్టార్టప్‌లో నాలుగు నెలలు స్టైపెండ్ లేకుండా ఇంటర్న్‌షిప్ చేశారు గానీ చేతికి కాగితమేదీ రాలేదు. తీరిక దొరికినప్పుడు ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టులకు (కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్లకు) చిన్న సవరణలు, కొంత తెలుగు అనువాదం పంపారు. దేనికీ రూపాయి రాలేదు కాబట్టి వీటిని ‘అనుభవం’ కింద రాయవచ్చా, లేక ‘ప్రాజెక్టులు’ అని అడుగున పెట్టాలా అన్నది మీ ప్రశ్న. డబ్బు కడితే పేస్లిప్పులతో సహా మూడేళ్ల అనుభవం ‘పెట్టిస్తాం’ అని అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారని, అమెరికాలో ఉన్న మీ అక్కకు కూడా ఇలాంటి సందేహమే ఉందని రాశారు.

చాలా ఏళ్లుగా డెవలపర్ల రెజ్యూమేలు చదివి, ఇంటర్వ్యూలు చేసే పనిలో ఉన్న మనిషిగా ముందు ఒక మాట స్పష్టంగా చెబుతాను. ఆ పనికి మీకు జీతం ముట్టిందా లేదా అన్నది సాంకేతిక ఇంటర్వ్యూ చేసేవారికి దాదాపు పట్టని విషయం. మీరు రాసిన ప్రోగ్రాం మీద మీరు కాక ఇంకెవరైనా ఆధారపడ్డారా, అది మొరాయించినప్పుడు సరిచేయవలసిన బాధ్యత మీ మీద పడిందా, పడితే ఏం చేశారు అన్నవి వాళ్లు చూస్తారు. జీతం సంగతి పట్టేది హెచ్ఆర్ విభాగానికి, ఆ తర్వాత నేపథ్య పరిశీలన చేసే సంస్థకు. ఇంటర్వ్యూ చేసేవారికీ, వీళ్లకూ వెళ్లేది ఒకే కాగితం గనుక, అందులో పని గురించి చెప్పవలసినదంతా నిండుగా చెప్పాలి. ఆ పని ఏ సంబంధంలో చేశారన్నది ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. మొదటిది తగ్గిస్తే ఇంటర్వ్యూ చేసేవారు మిమ్మల్ని పక్కన పెట్టేస్తారు, రెండోది మార్చితే పరిశీలన చేసేవారి దగ్గర చిక్కుకుంటారు.

కాబట్టి శీర్షిక విషయంలో నా అభిప్రాయం ఇది: కొట్టు సాఫ్ట్‌వేర్, ఇంటర్న్‌షిప్ రెండూ ‘అనుభవం’ కిందే రాయండి. హోదా రాసే వరుసలోనే సంబంధం తెలిసిపోవాలి. ‘సాఫ్ట్‌వేర్ డెవలపర్, కుటుంబ వ్యాపారం కోసం స్వతంత్రంగా’ అని ఒకచోట, ‘ఇంటర్న్, స్టైపెండ్ లేకుండా’ అని మరోచోట రాస్తే ఎవరినీ తప్పుదారి పట్టించినట్టు కాదు. ప్రతి వరుసలో ‘ఉచితంగా’, ‘సేవగా’ అని పదేపదే చెప్పుకోనక్కరలేదు. ఒక్కసారి చెబితే చాలు. ఓపెన్‌సోర్స్ పనికి విడిగా ఒక చిన్న శీర్షిక ఇవ్వండి. అయితే నౌకరీ వంటి సైట్లలోనూ, కంపెనీల దరఖాస్తు ఫారాల్లోనూ ‘మొత్తం అనుభవం ఎన్నేళ్లు, ఎన్ని నెలలు’ అని అంకె అడిగే గడి ఉంటుంది. అక్కడ అడుగుతున్నది జీతం మీద చేసిన ఉద్యోగం గురించి. మీరు ఫ్రెషర్ అనే పెట్టండి. ‘ప్రస్తుత సీటీసీ’ (ఏడాది మొత్తం జీతం) అన్నచోట సున్నా వేయండి. రెజ్యూమేలో ‘అనుభవం’ శీర్షిక ఉండి, ఫారంలో సున్నా ఉంటే పొంతన కుదరదేమోనని భయపడకండి, హోదా వరుస చదివిన ఎవరికైనా విషయం అర్థమవుతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. మీ ప్రశ్నలో స్టార్టప్ ఇంటర్న్‌షిప్‌కు ఒక పేరా ఇచ్చి, కొట్టు సాఫ్ట్‌వేర్ సంగతులను మాత్రం అక్కడక్కడా యథాలాపంగా చెప్పి వదిలేశారు. రెజ్యూమేలోనూ దానిని ‘మిర్చి యార్డ్ మేనేజ్‌మెంట్ సిస్టమ్: పైథాన్, జాంగో, పోస్ట్‌గ్రెస్, బూట్‌స్ట్రాప్’ అని ఒక్క వరుసలో తేల్చేశారు. లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్, హాస్పిటల్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అన్న పేర్లతో కాలేజీ ప్రాజెక్టులు లెక్కలేనన్ని రెజ్యూమేల్లో కనిపిస్తాయి గనుక, ఆ పేరు చూడగానే చదివేవారి కన్ను కిందికి జారిపోతుంది. రోజూ మనుషులు వాడే ఒక ప్రోగ్రామును మీరే చేతులారా ఆ గుంపులో కలిపేశారు. పేరు మార్చండి. అది చేసే పని ఏమిటో అదే పేరుగా పెట్టండి: ‘మిర్చి కమీషన్ దుకాణానికి తూకం, తక్‌పట్టీ, చెల్లింపుల వ్యవస్థ’ అన్న అర్థం వచ్చేలా. ఇంగ్లిషులో రాసేటప్పుడు తక్‌పట్టీ అంటే ఇతర రాష్ట్రాలవారికి తెలియదు కాబట్టి, రైతుకు సరుకు అమ్మకం లెక్క తేల్చి ఇచ్చే చీటీ అని నాలుగు మాటల్లో చెప్పండి.

మీరు మధ్యలో యథాలాపంగా ఒక మాట అన్నారు: ‘మొదట్లో గుమాస్తా లెక్కకూ, కంప్యూటర్ లెక్కకూ రూపాయి, రెండు రూపాయలు తేడా వచ్చేది, తర్వాత సరిచేశాను’ అని. మీ ఉత్తరం మొత్తంలో నన్ను ఆపి మళ్లీ చదివించిన వాక్యం అదే. ఆ తేడా ఎలా వస్తుందో చూడండి. క్వింటాలు ధర 18,350 రూపాయలు అనుకుందాం, అంటే కిలో 183.50. ఒక రైతు తెచ్చిన మూడు టిక్కీలు (మిర్చి బస్తాలు) 41.2, 42.6, 40.4 కిలోలు తూగాయి. ఒక్కో టిక్కీకి విడిగా విలువ కడితే 7,560.20, 7,817.10, 7,413.40 వస్తాయి, ఒక్కోదాన్ని రూపాయికి సర్దితే మొత్తం 22,790. అదే గుమాస్తా చేసినట్టు ముందు తూకాలన్నీ కలిపి 124.2 కిలోలకు ఒకేసారి విలువ కడితే 22,790.70, సర్దితే 22,791. మూడు టిక్కీలకే రూపాయి తేడా. వందల టిక్కీలు దిగే రోజున ఈ తేడాలు పేరుకుంటే సాయంత్రం నగదు లెక్క కుదరదు. అంతకన్నా ముఖ్యంగా, చేతిలో చీటీ పట్టుకుని నిలబడ్డ రైతుకు కొట్టు మీద నమ్మకం పోతుంది. ఎక్కడ సర్దాలన్నది ప్రోగ్రామర్ సొంతంగా తేల్చుకునే విషయం కాదు, ఆ వ్యాపారంలో ఉన్న ఆనవాయితీని బట్టి తేలాలి అని మీరు గుమాస్తా పక్కన కూర్చుని తెలుసుకున్నారు. డబ్బును దశాంశ సంఖ్యలుగా కాక పైసల్లో పూర్ణాంకాలుగా దాచడం మొదలుపెట్టారు. డబ్బు లెక్కలతో పనిచేసే ఏ బృందమైనా కొత్తగా చేరేవారికి మొదట నేర్పవలసి వచ్చే పాఠం ఇది. మీరు దానిని జీతం లేకుండా, అసలైన మనుషుల ఎదుట నేర్చుకుని, రెజ్యూమేలో రాయకుండా వదిలేశారు.

అలాంటివి ఇంకా ఉంటాయి, గుర్తు చేసుకోండి. యార్డులో కరెంటు పోయినప్పుడు, ఇంటర్నెట్ ఆగినప్పుడు తూకం ఆగదు కదా, అప్పుడు ఏం జరిగేది? కొట్టులోని కంప్యూటర్‌లోనే ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో దాచి, తర్వాత సర్వర్‌కు చేర్చే ఏర్పాటు చేశానన్నారు. ఒకే లాటు (ఒకేసారి అమ్మకానికి పెట్టిన సరుకు) రెండుసార్లు చేరకుండా ఎలా ఆపారు? ఒకసారి అచ్చువేసి ఇచ్చిన చీటీలో ధర తప్పు పడితే, పాత ఎంట్రీని దిద్దేశారా, లేక దానిని అలాగే ఉంచి సవరణను వేరే ఎంట్రీగా చేర్చారా? తేజ రకం అని ఎక్కించిన సరుకులో సగం తాలు (రంగు పోయిన కాయలు) అని తేలితే లాటును ఎలా విడగొట్టారు? మేము చదివేది ఈ నిర్ణయాల కోసమే. ఏ ఫ్రేమ్‌వర్క్ వాడారన్నది ఎవరైనా ఒక వారంలో నేర్చుకోగలిగినది.

ఈ పనికి రెజ్యూమేలో ఏడెనిమిది వరుసలు ఇవ్వండి. రెజ్యూమే ఇంగ్లిషులో ఉంటుంది గనుక భావం మాత్రం ఇక్కడ ఇస్తున్నాను, మాటలు మీవి పెట్టుకోండి:

‘సాఫ్ట్‌వేర్ డెవలపర్, కుటుంబ వ్యాపారం కోసం స్వతంత్రంగా. మిర్చి కమీషన్ దుకాణం, గుంటూరు. ఆగస్టు 2023 నుంచి, పాక్షిక సమయం. తూకం, ధర, హమాలీ, కమీషన్ కోతలు లెక్కగట్టి రైతుకు చీటీ అచ్చువేసే వ్యవస్థను ఒక్కరినే రూపొందించి, రెండు సీజన్లుగా నిర్వహిస్తున్నాను. ఇద్దరు గుమాస్తాలు రోజూ వాడుతున్నారు. ఇంటర్నెట్ లేనప్పుడు ఎస్‌క్యూలైట్‌లో నమోదై, తర్వాత పోస్ట్‌గ్రెస్‌కు చేరే పద్ధతి. ఒకే లాటు రెండుసార్లు చేరకుండా ప్రతి నమోదుకూ విశిష్ట సంఖ్య. టిక్కీల వారీ, లాటు వారీ సర్దుబాట్ల మధ్య తేడాను కనిపెట్టి, డబ్బును పైసల్లో పూర్ణాంకాలుగా మార్చి, చేతిలెక్కతో సరిపోయేలా పరీక్షలు రాశాను. అచ్చయిన చీటీని దిద్దకుండా, ప్రతి సవరణకూ ఎవరు, ఎప్పుడు, ఎందుకు చేశారో తెలిపే విడి ఎంట్రీ.’

ఇందులో ‘సామర్థ్యం 40 శాతం పెంచాను’ వంటి మాట లేదని గమనించండి. అంకెలు ఉండాలని ఇంటర్నెట్ సలహాలన్నీ చెబుతాయి, నిజమే, కానీ కొలవని అంకె రాయకూడదు. ఎంత శాతం అన్నది ఎలా కొలిచారని అడిగితే మీ దగ్గర జవాబు ఉండదు. ఎంతమంది వాడుతున్నారు, ఎన్ని సీజన్లుగా, రోజుకు సుమారు ఎన్ని చీటీలు అన్నవి మీకు తెలిసిన అంకెలు. డేటాబేస్ తెరిచి చూసి అవి వేయండి. ‘పాక్షిక సమయం’ అన్న మాట కూడా తీసేయకండి. సాయంత్రాలు రెండు మూడు గంటలు చేసిన పనిని పూర్తికాలపు ఉద్యోగంలా చూపితే, ఇన్ని నెలల్లో ఇంతేనా అన్న ప్రశ్న వస్తుంది. పాక్షికమని తెలిస్తే అదే పని మెచ్చుకోదగినదిగా కనబడుతుంది. పైగా తేదీలు ఉండడం వల్ల, బీటెక్ తర్వాత ఖాళీ ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు అడగకముందే జవాబు దొరుకుతుంది.

మేనమామ కొట్టు కాబట్టి విలువ తగ్గుతుందేమో అని మీకున్న సంకోచం అర్థమైంది. రెజ్యూమేలో ‘కుటుంబ వ్యాపారం’ అన్న మాట చాలు, ఎవరి కొట్టని అడిగితే మా మేనమామదని చెప్పండి. రిఫరెన్స్‌గా మాత్రం మేనమామ పేరు కాక, వీలైతే ఆ ప్రోగ్రాం వాడే గుమాస్తా పేరో, కొట్టు లెక్కలు చూసే అకౌంటెంట్ పేరో, వాళ్ల అనుమతి తీసుకుని ఇవ్వండి. కొట్టు లెటర్‌హెడ్ మీద, జీఎస్టీ నంబరుతో ఒక చిన్న లేఖ రాయించుకోండి: ఫలానా నెల నుంచి ఫలానా సాఫ్ట్‌వేర్‌ను వీరు రూపొందించి నిర్వహిస్తున్నారు, ఇందుకు జీతం చెల్లించలేదు, ఇప్పటికీ వాడుతున్నాం అని. జీతం చెల్లించలేదన్న వాక్యం అందులో ఉండడం మీకు రక్షణ.

కోడ్ గిట్‌హబ్‌లో పెట్టాలా అన్నారు. మేనమామ ఒప్పుకుంటే పెట్టండి, కానీ ఒక్క విషయం చాలా జాగ్రత్తగా చూడండి: అసలు డేటాబేస్, బ్యాకప్ ఫైళ్లు, రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఉన్న స్క్రీన్‌షాట్లు ఏవీ బయటికి పోకూడదు. ఒకసారి కమిట్ చేసిన (రిపాజిటరీలో, అంటే కోడ్ దాచే చోట, నమోదు చేసిన) ఫైలును తర్వాత తీసేసినా పాత చరిత్రలో అది అలాగే ఉంటుందని మరవకండి. అందుకే ఉన్న రిపాజిటరీని బహిరంగం చేయకుండా, శుభ్రమైన కోడ్‌తో, కల్పిత రైతులు, కల్పిత లాట్లతో కొత్తగా ఒకటి తయారుచేయండి. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో మన దేశంలో చట్టం కూడా వచ్చింది. దాని సంగతి అటుంచినా, ఆ రైతులు వివరాలు ఇచ్చింది కొట్టును నమ్మి. ఇతరుల సమాచారాన్ని అభ్యర్థి ఎలా చూసుకున్నాడన్నది నేను ఎప్పుడూ గమనిస్తాను.

స్టార్టప్ ఇంటర్న్‌షిప్ గురించి. కాగితం లేదు కాబట్టి చేయనట్టే అనుకోవద్దు. మిమ్మల్ని తీసుకుంటున్నామని వచ్చిన మెయిల్, మీకు పని అప్పగించిన సందేశాలు, మీ పేరుతో ఉన్న టాస్కులు ఏవైనా మీ సొంత మెయిల్‌లో మిగిలి ఉంటే భద్రపరచుకోండి. అప్పటి మీ టీమ్ లీడ్‌కు మర్యాదగా ఒక మెయిల్ రాసి, తేదీలు, హోదా, చేసిన పని మూడు వాక్యాల్లో ధ్రువీకరించమని అడగండి. సర్టిఫికెట్ ఇవ్వడానికి జంకే వాళ్లు కూడా మెయిల్‌కు ‘అవును’ అని బదులిస్తారు. రెజ్యూమేలో ‘సాఫ్ట్‌వేర్ ఇంజినీర్’ అని కాక ఇంటర్న్ అనే రాయండి. పరిశీలన సంస్థ ఫోన్ చేసినప్పుడు అవతలివాళ్లు ‘ఇంటర్న్’ అని, మీ కాగితం ‘ఇంజినీర్’ అని చెబితే, నాలుగు నెలల చిన్న విషయం మొత్తం రెజ్యూమే మీద అనుమానంగా మారుతుంది. వాళ్ల కోడ్ ఒక్క ఫైలు కూడా మీ గిట్‌హబ్‌లో ఉండకూడదు. అక్కడ మీరు ఒక పేజీ వేగం పెంచారన్నారు కదా, దేనివల్ల నెమ్మదించింది, ఏం మార్చారు అన్నది రెండు వరుసల్లో రాస్తే సరిపోతుంది.

ఓపెన్‌సోర్స్ పని విషయంలో మీరు చేసిన పొరపాటు దాదాపు అందరూ చేసేదే: గిట్‌హబ్ ప్రొఫైల్ లంకె ఒకటి పెట్టి వదిలేయడం. రెజ్యూమే చదివేవారు ఆ లంకె నొక్కి వెతుకుతారని ఆశించకండి. ప్రాజెక్టులో విలీనమైన పుల్ రిక్వెస్టుల్లో (మీరు పంపిన సవరణల్లో) మంచివి రెండు మూడు ఎంచుకుని, ఒక్కోదానికి నేరుగా లంకె ఇచ్చి, సమస్య ఏమిటి, మీరు ఏం మార్చారు అని ఒక వాక్యం రాయండి. నిర్వాహకులు అభ్యంతరం చెబితే మీరు మార్చి మళ్లీ పంపిన పుల్ రిక్వెస్టు ఉంటే అది తప్పకుండా చేర్చండి, ఎందుకంటే ఆ సంభాషణ చదివితే మీతో కలిసి పనిచేయడం ఎలా ఉంటుందో తెలుస్తుంది. కాలేజీ కంప్యూటర్ నుంచి వేరే మెయిల్‌తో చేసిన కమిట్లు మీ పేరు మీద కనబడకపోతే, ఆ మెయిల్‌ను మీ గిట్‌హబ్ ఖాతాకు జోడించండి, అవి మీ లెక్కలోకి వస్తాయి. రీడ్‌మీ ఫైల్లో అచ్చుతప్పులు దిద్దినవి మాత్రం లెక్కపెట్టి చూపకండి. ఓపెన్‌సోర్స్‌కు సవరణలు పంపినవారికి బహుమతిచ్చే హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో టీషర్టు కోసం అలాంటివి కుప్పలుగా వచ్చిపడి, 2020లో నిర్వాహకులు నిబంధనలనే మార్చి, ఒప్పుకున్న ప్రాజెక్టులకే పరిమితం చేయవలసి వచ్చింది. ఆ సంగతి ఇంటర్వ్యూ చేసేవారికి తెలుసు.

తెలుగు అనువాదాన్ని ‘అదేం ప్రోగ్రామింగ్’ అని మీరే తీసిపారేశారు. నేను ఒప్పుకోను. మొజిల్లా అనువాద వేదిక పాంటూన్‌లో గానీ, వికీపీడియా నడిచే మీడియావికీలో గానీ తెలుగు చేసినవారికి యూనికోడ్ ఎలా పనిచేస్తుందో, బహువచన రూపాలు ఎందుకు ఇబ్బంది పెడతాయో, బటన్‌లో పట్టని పొడవైన మాటను ఏం చేయాలో తెలుస్తుంది. పది భాషల్లో యాప్ విడుదల చేసే కంపెనీలకు ఈ జ్ఞానం అవసరం. ఒక వరుస ఇవ్వండి. హైదరాబాదులో స్వేచ్ఛ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థలతో కలిసి చేసినదేమైనా ఉంటే అదీ రాయండి. ఓపెన్‌సోర్స్ సంస్థల ప్రాజెక్టుల్లో పనిచేయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌కు దరఖాస్తు చేసే ఆలోచన ఉందన్నారు. 2005 నుంచి నడుస్తున్న ఆ కార్యక్రమంలో స్టైపెండ్ ఉంటుంది గానీ అది గూగుల్‌లో ఉద్యోగం కాదు. వస్తే ఆ పేరుతోనే, ఏ సంస్థ ప్రాజెక్టు చేశారో ఆ పేరుతోనే రాయాలి తప్ప ‘గూగుల్, డెవలపర్’ అని కాదు.

యూట్యూబ్ చూసి చేసిన నెట్‌ఫ్లిక్స్ క్లోన్, వాతావరణ యాప్ తీసేయండి. ఆ స్థలం కొట్టుకు కావాలి.

ఇప్పుడు కన్సల్టెన్సీ సంగతి. మీ స్నేహితులు అలా పెట్టించుకుని ఉద్యోగాల్లో చేరారన్నది నిజమే కావచ్చు, మీ మీద ఉన్న ఒత్తిడి కూడా నాకు తెలుసు. ఇంట్లో అడిగేవాళ్లు, తోటివాళ్ల జీతాలు, పాసైన ఏడాది పాతబడుతున్న కొద్దీ ఫ్రెషర్ డ్రైవుల్లో తగ్గిపోయే అర్హత. అయినా వద్దని గట్టిగా చెబుతాను. ఉద్యోగుల భవిష్య నిధిలో 2014 నుంచి ప్రతి సభ్యుడికీ ఒకే యూఏఎన్ (సంస్థ మారినా మారని ఖాతా సంఖ్య) ఉంటుంది, ఏ సంస్థలో ఏ తేదీన చేరి ఏ తేదీన మానేశారో దాని సర్వీసు చరిత్రలో కనిపిస్తుంది. పీఎఫ్ లేని చిన్న సంస్థ అని చెబితే జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, పన్ను కోత చూపే ఫారం 16, 26ఏఎస్ అడుగుతారు. ఐటీ ఉద్యోగుల వివరాలు సరిచూడడానికే నాస్‌కామ్ 2006లో నేషనల్ స్కిల్స్ రిజిస్ట్రీ మొదలుపెట్టింది. లేని కంపెనీల పేరుతో అనుభవ పత్రాలు తెచ్చి చేరినవారిని గుర్తించి తొలగించామని యాక్సెంచర్ 2022లో బహిరంగంగా ప్రకటించింది. ఇవి చేరిన మరుసటి రోజే బయటపడకపోవచ్చు. ఇంటి రుణం తీసుకున్నాక, పెళ్లయ్యాక బయటపడవచ్చు.

ఇంతకన్నా నన్ను బాధపెట్టే సంగతి ఇంకొకటి ఉంది. ఆ మూడేళ్ల కట్టుకథను మీ రెజ్యూమేలో ఇరికించాలంటే, అదే కాలంలో మీరు నిజంగా చేసిన కొట్టు పనిని చెరిపేయాలి, ఎందుకంటే తేదీలు కుదరవు. ఎప్పుడూ చూడని బ్యాంకింగ్ ప్రాజెక్టు గురించి బట్టీపట్టిన జవాబులు చెబుతూ, మూడేళ్ల అనుభవం ఉన్నవారిని అడిగే ప్రశ్నలు ఎదుర్కోవాలి. మీకు లోతుగా తెలిసిన ఒక్క విషయాన్ని వదిలేసి, ఏమీ తెలియని విషయం మీద పరీక్షకు కూర్చోవడం అది.

మీ అక్క ప్రశ్నకు క్లుప్తంగా చెబుతాను. అమెరికాలో చదువు పూర్తయ్యాక వచ్చే మొదటి ఓపీటీ (విద్యార్థి వీసా మీద పని అనుభవానికి ఇచ్చే అనుమతి) కాలంలో, చదివిన విభాగానికి సంబంధించి వారానికి కనీసం 20 గంటలు ఉంటే, కార్మిక చట్టాలకు విరుద్ధం కానంతవరకు జీతం లేని పని కూడా లెక్కలోకి వస్తుంది. 90 రోజుల నిరుద్యోగ పరిమితి నుంచి అది కాపాడుతుంది. చేసిన గంటలకు రుజువులు, సంస్థ నుంచి లేఖ దగ్గర ఉంచుకోవాలి. సైన్స్, ఇంజినీరింగ్ వంటివి చదివినవారికి ఇచ్చే 24 నెలల స్టెమ్ పొడిగింపులో మాత్రం జీతం లేని పని చెల్లదు. యజమాని ఈ-వెరిఫైలో (పని అర్హతను సరిచూసే ప్రభుత్వ వ్యవస్థలో) ఉండాలి, ఐ-983 శిక్షణ ప్రణాళిక ఉండాలి. ఏ అడుగు వేసేముందైనా తన విశ్వవిద్యాలయంలోని డీఎస్‌ఓతో (విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారితో) మాట్లాడమనండి. అక్కడ రెజ్యూమేలో రాసినదీ, సెవిస్‌కు (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డుకు) నివేదించినదీ ఒకటే కావాలి, తర్వాతి వీసా దశల్లో రెండూ పక్కపక్కన పెట్టి చూసే అవకాశం ఉంది.

చివరగా ఇంటర్వ్యూ. కొట్టు పని రెజ్యూమేలో పైకి వచ్చాక ప్రశ్నలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి, అదే మనకు కావలసింది. ఇద్దరు గుమాస్తాలు ఒకే లాటును ఒకేసారి తెరిచి మార్చితే ఏమవుతుంది? బ్యాకప్ తీస్తున్నానన్నారు, దానిని ఎప్పుడైనా తిరిగి ఎక్కించి చూశారా? పది కొట్లు ఇదే వాడతామంటే మొదట ఏది విరిగిపోతుంది? వీటికి ముందే జవాబులు ఆలోచించుకోండి; బ్యాకప్ ఎక్కించి చూడకపోతే ఈ వారమే చూడండి. ‘ఇంత పని చేసి జీతం ఎందుకు తీసుకోలేదు’ అని హెచ్ఆర్ వాళ్లు తప్పక అడుగుతారు. దానికి సంజాయిషీ చెప్పుకునే స్వరం వద్దు. మేనమామ కొట్టులో రాత్రి పదింటి దాకా చేతిలెక్కలు వేస్తుంటే చూసి మొదలుపెట్టానని మీరు నాకు రాశారు కదా, ఆ వాక్యమే చెప్పండి. తర్వాత, ఇప్పుడు ఆ లెక్కలు ఎన్ని గంటలకు ముగుస్తున్నాయో కొట్టుకు ఫోన్ చేసి కనుక్కుని, అదీ చెప్పండి.